పెద్ద దేశం సైన్యం పంపితే పక్క దేశపు అంతర్యుద్ధం ఆగుతుందా? 1971, 1987 పక్కపక్కన పెట్టి చూద్దాం

మీ ప్రశ్న: "1971లో మన సైన్యం వెళ్తే బంగ్లాదేశ్ ఏర్పడింది. 1987లో శ్రీలంక వెళ్తే జవాన్లని పోగొట్టుకుని వెనక్కి వచ్చాం. అదే సైన్యం కదా, తేడా ఎక్కడ వచ్చింది? అసలు పెద్ద దేశాలు ఇలా దిగడం వల్ల మేలు ఉంటుందా? దిగకపోతే చేతులు కట్టుకుని చూడాల్సిందేనా?"

చాలాసార్లు మేలు జరగదు, యుద్ధం ఇంకా సాగుతుంది. మేలు జరిగిన సందర్భాలు వెతికితే ఒక పోలిక కనిపిస్తుంది. అక్కడ జనం ఒప్పుకున్న ఒక నాయకత్వం, పగ్గాలు తీసుకోవడానికి ముందే సిద్ధంగా ఉంది. బయటి సైన్యం ఆ దారిలో ఉన్న ఒక అడ్డు తొలగించి వెళ్లిపోయింది. అలాంటి నాయకత్వం లేని చోట ఎన్ని డివిజన్లు దింపినా అవి రాజకీయ ఒప్పందాన్ని పుట్టించలేవు. భారత్ అమెరికా, రష్యాల స్థాయి శక్తి కాకపోవచ్చు, కానీ ఉపఖండంలో పక్కవాళ్లకి పెద్ద శక్తే. పైగా రెండు సార్లూ దిగింది ఒకే దేశం, ఒకే సైన్యం. పోల్చడానికి ఇంతకన్నా మంచి జత దొరకదు.

ముందు ఒక లెక్క. 1971లో తూర్పు రంగంలో మన వాళ్లు సుమారు 1,400 మంది చనిపోయారు. శ్రీలంకలో సుమారు 1,200 మంది, గాయపడినవాళ్లు దాదాపు 3,000. ప్రాణనష్టం ఇంచుమించు ఒకటే. మొదటిది 13 రోజుల్లో, రెండోది 32 నెలల్లో. 13 రోజుల తర్వాత కొత్త దేశం వచ్చింది. 32 నెలల తర్వాత యుద్ధం మళ్లీ మొదటికొచ్చి ఇంకో 19 ఏళ్లు నడిచింది.

1971లో కాల్పులకి ముందు ఏం సిద్ధంగా ఉందో చూడండి. 1970 డిసెంబర్ ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాల్లో 160 అవామీ లీగ్ గెలిచింది. అంటే ఆ ప్రాంతానికి ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న బ్యాలెట్ పెట్టెలోనే తేలిపోయింది. మార్చి 25 రాత్రి పాక్ సైన్యం ఢాకాలో ఊచకోత మొదలుపెట్టి అవామీ లీగ్ నాయకుడు ముజీబ్‌ని అరెస్టు చేసింది. ఏప్రిల్ 17కల్లా తాజుద్దీన్ అహ్మద్ ప్రధానిగా ప్రవాస ప్రభుత్వం ప్రమాణం చేసింది. బెంగాలీ తిరుగుబాటు దళం ముక్తి బాహిని లోపల వంతెనలు, రైలు పట్టాలు పేలుస్తూ పాక్ సైన్యాన్ని ఎక్కడికక్కడ చెల్లాచెదురు చేసింది. సరిహద్దు దాటి కోటి మంది దాకా శరణార్థులు వచ్చారు. అంత ఒత్తిడిలోనూ ఏప్రిల్‌లోనే దూకకుండా డిసెంబర్ దాకా ఆగారు. వర్షాకాలంలో బెంగాల్ నదుల మీద ట్యాంకు కదలదు. చలికాలంలో హిమాలయ కనుమలు మంచుతో మూసుకుంటే చైనా వైపు నుంచి భయం తగ్గుతుంది. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో సంతకం చేసిన ఒప్పందం మూడో భరోసా. ఆ ఎనిమిది నెలలూ రోడ్లు వేశారు, మందుగుండు పేర్చారు, ముక్తి బాహినికి శిక్షణ ఇచ్చారు.

ఇంకొకటి, జనం పెద్దగా పట్టించుకోనిది: శత్రువుకి సరఫరా దారి లేదు. పశ్చిమ పాకిస్తాన్ నుంచి ఢాకాకి మధ్యలో భారతదేశం అడ్డం. మిగిలింది సముద్రం. అక్కడ మన విమాన వాహక నౌక విక్రాంత్ కాపలా. ఆ విక్రాంత్‌ని ముంచడానికి వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు ముందు మునిగిపోయింది. ఆర్కే బీచ్‌లో ఉన్న విజయ స్మారకం ఆ యుద్ధానిదే. బంగాళాఖాతం మూసుకున్నాక ఢాకాలోని సైన్యానికి ఒక్క తూటా కొత్తగా వచ్చే దారి లేదు.

యుద్ధం నడిపిన తీరు కూడా దీనికి తగ్గట్టే ఉంది. పాక్ సైన్యం సరిహద్దు పట్టణాలని కోటల్లా మార్చుకుని కూర్చుంటే మన వాళ్లు చాలా చోట్ల వాటిని పక్కన పెట్టి ముందుకి నడిచారు. ఆశుగంజ్ దగ్గర మేఘనా మీద రైలు వంతెనని పాక్ సైన్యం పేల్చేసింది. లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ డిసెంబర్ 9 నుంచి ఎంఐ-4 హెలికాప్టర్లలో దళాలని విడతలు విడతలుగా నది దాటించాడు. మిగతా సామాను ఊరివాళ్ల పడవల్లో, రిక్షాల్లో, భుజాల మీద వెళ్లింది. పడవ ఇచ్చేవాడు, దారి చూపేవాడు, శత్రువు ఎక్కడున్నాడో చెప్పేవాడు, అందరూ మనవైపే. డిసెంబర్ 16న లొంగుబాటు, 93,000 మంది ఖైదీలు. జనవరి 10న ముజీబ్ ఢాకా చేరాడు. మార్చి 12, 1972కి మన దళాలు వీడ్కోలు కవాతు చేసి వచ్చేశాయి. యుద్ధం తర్వాత అక్కడ స్థిరపడిన, ఉర్దూ మాట్లాడే బిహారీల మీద పగ తీర్చుకోవడాలు జరిగాయి, 1975లో ముజీబ్‌నే చంపేశారు. అంతా సుఖాంతం అనడం తప్పు. కానీ ఆ అంతర్యుద్ధం మళ్లీ రాజుకోలేదు.

ఇప్పుడు శ్రీలంక. 1983 జులైలో జాఫ్నాలో 13 మంది సైనికులని తమిళ పులులు (ఎల్‌టీటీఈ) చంపాక కొలంబోలో తమిళుల మీద దాడులు జరిగాయి. అప్పటి నుంచి భారత నిఘా సంస్థే ఎల్‌టీటీఈ, టెలో, ఈపీఆర్‌ఎల్‌ఎఫ్, ప్లాట్, ఈరోస్ లాంటి తమిళ మిలిటెంట్ గ్రూపులకి ఆయుధాలు, శిక్షణ ఇచ్చింది. ఉద్దేశం కొలంబో మీద ఒత్తిడి. ఆ గ్రూపులకి ఒకరంటే ఒకరికి పడదు. 1986లో ఎల్‌టీటీఈ టెలోని తుడిచిపెట్టేసింది, ఏడాది చివర్లో ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ మీద పడింది. 1987 మేలో శ్రీలంక సైన్యం జాఫ్నా ద్వీపకల్పంలోని వడమరాచ్చి మీద పెద్ద దాడి మొదలుపెట్టింది. జూన్ మొదట్లో మనం పంపిన సహాయ పడవలని వాళ్ల నౌకాదళం తిప్పి పంపింది. జూన్ 4న ఐదు ఏఎన్-32 విమానాలు, వాటికి మిరాజ్‌ల కాపలా, జాఫ్నా మీద సుమారు 25 టన్నుల బియ్యం, పప్పు, మందులు జారవిడిచి వచ్చాయి. కొలంబో దాడి ఆపింది. మొత్తం వ్యవహారంలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ ఫలితం ఇచ్చిన పని అదే అని నా అభిప్రాయం.

తర్వాత జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకం చేశారు. దీన్ని దగ్గరగా చూడాలి, రోగం ఇక్కడే ఉంది. సంతకమైన 48 గంటల్లో కాల్పుల విరమణ. ఆ తర్వాత 72 గంటల్లో మిలిటెంట్లు ఆయుధాలు అప్పగించాలి, శ్రీలంక సైన్యం బ్యారక్‌లకి వెళ్లాలి. మొత్తం ఐదు రోజులు. అప్పగించాల్సిన ఎల్‌టీటీఈ ఆ కాగితం మీద సంతకం చేయలేదు. పులుల అధినేత ప్రభాకరన్‌ని ఢిల్లీ రప్పించి ఒప్పించే ప్రయత్నం చేశారు, అంతే. పెళ్లికొడుకు రాకుండానే పెద్దలు లగ్నపత్రిక రాసుకున్నట్టు అయింది. పైగా కాల్పుల విరమణకి హామీ ఇవ్వడం, దాన్ని అమలు చేయించడం రెండూ భారత దళం మీదే పెట్టారు. హామీదారు ఇద్దరికీ మధ్యవర్తి. అమలు చేసేవాడు మాట వినని వాడితో తన్నులాటకి దిగాల్సినవాడు. ఈ రెండు పాత్రలూ ఒకే బూటులో దూరవు.

ఇక సింహళ వైపు. ఒప్పందం జరిగిన రోజు కొలంబోలో కర్ఫ్యూ. ప్రధాని ప్రేమదాస సంతకాల కార్యక్రమానికే రాలేదు. మర్నాడు గౌరవ వందనంలో ఒక నావికుడు తుపాకి మడమతో రాజీవ్ మీద దెబ్బ వేశాడు. దక్షిణాన సింహళ వామపక్ష తీవ్రవాద పార్టీ జేవీపీ ఇదే అదనుగా తిరుగుబాటు లేవదీసింది. అంటే జయవర్ధనే సంతకం వెనక ఆయన సొంత మంత్రివర్గమే పూర్తిగా లేదు. ఉత్తరాన ఒక సంతకం లేదు, దక్షిణాన ఉన్న సంతకానికి బలం లేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్న స్థితిలోకి మన దళాలని దింపారు.

మొదట వెళ్లింది సికింద్రాబాద్ కేంద్రంగా ఉండే 54వ పదాతి డివిజన్, మేజర్ జనరల్ హర్‌కీరత్ సింగ్ నాయకత్వంలో. కొన్ని వారాల శాంతి కాపలా అనుకుని వెళ్లారు. ఆగస్టు 5న జాఫ్నా దగ్గరి పలాలీ స్థావరంలో నామమాత్రంగా కొన్ని ఆయుధాల అప్పగింత జరిగింది. సెప్టెంబర్ 26న నల్లూరు గుడి దగ్గర నిరాహార దీక్షలో పులుల నాయకుడు తిలీపన్ చనిపోయాడు. అక్టోబర్ 3న శ్రీలంక నౌకాదళం 17 మంది పులులని సముద్రంలో పట్టుకుంది. కొలంబోకి తరలించాలని పట్టుబట్టింది. 5న వాళ్లు సైనైడ్ మింగారు, పులేంద్రన్, కుమరప్పతో సహా 12 మంది పోయారు. వాళ్లని మన దళం కాపాడలేకపోయింది. హామీదారు మాట అక్కడితో చెల్లకుండా పోయింది. అక్టోబర్ 10న పులుల మీద మన దళం దాడి, ఆపరేషన్ పవన్, మొదలైంది.

అక్టోబర్ 11 రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయం మీద హెలికాప్టర్ దాడి. పులుల నాయకత్వం ఆ చుట్టుపక్కలే ఉందని సమాచారం. ముందు పారా కమాండోలు, వెనక 13 సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ దళాలు ఎంఐ-8ల్లో విడతలుగా మైదానంలో దిగాలి. మన రేడియో సంభాషణలని పులులు పట్టేశారు. హెలికాప్టర్లు వచ్చే వేళకి భారీ మెషీన్‌గన్లు గురిపెట్టి ఉన్నాయి. దెబ్బతిన్న హెలికాప్టర్లు తర్వాతి విడతలు తేలేకపోయాయి. వందల మంది దిగాల్సిన చోట సిఖ్ దళం నుంచి ఒక్క ప్లాటూన్, 30 మంది, మిగిలిపోయారు. మర్నాడు తూటాలు అయిపోయే దాకా పోరాడారు. 29 మంది చనిపోయారు, ఒక్కడు బందీగా దొరికాడు. కమాండోలని బయటికి తేవడానికి ట్యాంకులు రైలు పట్టాల వెంట వెళ్లాల్సి వచ్చింది, ఎందుకంటే రోడ్లన్నీ మందుపాతరలే. ఆ ఆయుధం గురించి తెలుగు పాఠకులకి వివరించక్కర్లేదు. రోడ్డు కింద పాతి, తీగ లాగి, ఎక్కడో తాటితోపులో ఒకడు మీట మీద వేలు పెట్టి కూర్చుంటే చాలు.

పలాలీ నుంచి జాఫ్నా పట్టణం 20 కిలోమీటర్ల లోపే. అది పట్టుకోవడానికి రెండు వారాలకి పైగా పట్టింది, 200 మందికి పైగా పోయారు. జవాను చేతిలో బరువైన ఎస్‌ఎల్‌ఆర్, ఒక్కో తూటా పేలేది. ఎదుటివాడి చేతిలో ఏకే-47. ఒక్కో సందుకీ తాటాకు దడులు, ఒక్కో ఇంటిలో ఒక పొంచి ఉన్న తుపాకి. ఊరివాళ్లని కాపాడాలి కాబట్టి మొదట ఫిరంగులు, విమానాలు వాడొద్దన్న ఆదేశం. సహచరులు పోతున్న కొద్దీ ఆ నిగ్రహం సడలింది. అక్టోబర్ 21న, దీపావళి రోజున, జాఫ్నా ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, రోగులు కలిపి 60 మందికి పైగా చనిపోయారు. ఎదురుకాల్పుల్లో చిక్కుకున్నారని సైన్యం అంది, సైన్యమే చంపేసిందని అక్కడున్నవాళ్లు చెప్పారు. నేను చదివిన సాక్ష్యాల ప్రకారం రెండో మాటకే బరువు ఎక్కువ. 1989 ఆగస్టులో వల్వెట్టితురైలో మళ్లీ పదుల సంఖ్యలో జనం బలయ్యారు. రెండేళ్ల ముందు పూలదండలు వేసిన ఊళ్లలోనే జనం మన వాళ్లని చూసి తలుపులు మూసుకున్నారు.

"తక్కువ సైన్యం పంపారు, అందుకే" అనే వాదన తరచుగా వినిపిస్తుంది. లెక్క చూడండి. తిరుగుబాటు అణచడానికి వెయ్యి మంది జనాభాకి 20 మంది భద్రతా సిబ్బంది కావాలన్నది సైనిక పాఠాల్లో చెప్పే మోటు కొలత. శ్రీలంక ఉత్తర, తూర్పు రాష్ట్రాల జనాభా అప్పట్లో సుమారు 20 లక్షలు. మన బలం పతాక స్థాయిలో నాలుగు డివిజన్లు, 70 నుంచి 80 వేలు. వెయ్యికి 35 పైమాటే. కొలత దాటి పంపినా ఫలితం రాలేదు. పట్టణాలన్నీ మన చేతిలో ఉన్నాయి, ప్రభాకరన్ వన్నీ అడవుల్లో ఉన్నాడు. గాయపడిన పులులకి తమిళనాడులో వైద్యం అందేది, డబ్బు అందేది, తమిళనాడుకీ శ్రీలంకకీ మధ్య ఉన్న పాక్ జలసంధి దాటి సామాను వెళ్లేది. ఎంజీఆర్ బహిరంగంగానే వాళ్లకి సాయం చేశాడు. 1971లో శత్రువు సరఫరా దారిని మనం మూసేశాం, 1987లో ఆ దారి మన గడ్డ మీదుగానే వెళ్లింది. ఇది మూయాలంటే ఢిల్లీ మద్రాసుతో రాజకీయ పోరు పెట్టుకోవాలి. ఆ ధర చెల్లించడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

తర్వాత ప్రతి పెద్ద శక్తీ చేసే పనే చేశాం: సొంతంగా స్థానిక ప్రభుత్వాన్ని నిలబెట్టడం. 1988 నవంబర్‌లో ఎన్నికలు జరిగాయి, ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నుంచి వరదరాజ పెరుమాళ్ ముఖ్యమంత్రి అయ్యాడు. పులులు బహిష్కరించిన ఎన్నిక అది, ఉత్తరాన పోటీయే లేదు. ఆయన్ని కాపాడటానికి తమిళ జాతీయ సైన్యం అని ఒకటి కట్టారు. కుర్రాళ్లని ఇళ్లలోంచి లాక్కొచ్చి చేర్చారు. మన దళాలు ఒక్కో జిల్లా ఖాళీ చేసేకొద్దీ ఆ సైన్యం కరిగిపోయింది, ఆయుధాలు పులుల చేతికి చిక్కాయి. బయటివాడి తుపాకి నీడలో గెలిచిన వాడికి ఆ నీడ తొలగగానే ఊళ్లో నిలబడే చోటు ఉండదు.

1989 జనవరిలో అధ్యక్షుడైన ప్రేమదాస జులై చివరికల్లా మన దళాలు వెళ్లిపోవాలని ఆ జూన్‌లో గడువు పెట్టాడు. పులులతో మాటలు కలిపాడు, వాళ్లకి ఆయుధాలు కూడా అందించాడు. ఎవరి దేశాన్ని ముక్కలు కాకుండా కాపాడటానికి మన జవాన్లు చనిపోతున్నారో ఆ ప్రభుత్వమే ఎదుటివాడికి తూటాలు ఇచ్చింది. అప్పుడు విదేశాంగ మంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు హయాంలోనే ఆ సెప్టెంబర్‌లో ఉపసంహరణ ఒప్పందం కుదిరింది. 1990 మార్చి 24న ట్రింకోమలీ నుంచి చివరి ఓడ కదిలింది. జూన్‌లో పులులు తూర్పున లొంగిపోయిన పోలీసులని వందల సంఖ్యలో చంపారు, యుద్ధం మళ్లీ మొదలైంది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్‌ని చంపేశారు.

మిగతా ప్రపంచంలోనూ ఇదే కనిపిస్తుంది, క్లుప్తంగా చెప్తాను. సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో తొమ్మిదేళ్లు ఉండి 1989 ఫిబ్రవరిలో వెళ్లింది. వాళ్లు నిలబెట్టిన అధ్యక్షుడు నజీబుల్లా ఇంకో మూడేళ్లు నిలబడ్డాడు, మాస్కో నుంచి డబ్బు, ఇంధనం ఆగాక కొద్ది నెలల్లో పడిపోయాడు. సిరియాలో 2015 సెప్టెంబర్ నుంచి రష్యా విమానాలు అసద్‌ని నిలబెట్టాయి. 2024 నవంబర్ చివర తిరుగుబాటుదార్లు కదిలితే రెండు వారాల్లోపే డమాస్కస్ పోయింది, ఎందుకంటే ఆ మధ్య తొమ్మిదేళ్లలో అసద్ ఎవరితోనూ రాజీ చేసుకోలేదు, కింద సైనికుడికి పోరాడే మనసు లేదు. లిబియాలో 2011లో నాటో బాంబులతో గద్దాఫీ పోయాడు, ఆ ఖాళీలో ఒక్క ప్రభుత్వం లేక 2014లో రెండో అంతర్యుద్ధం వచ్చింది.

కాబట్టి ఏదైనా దేశం సైన్యం పంపుతోందని వార్త చూసినప్పుడు విమానాల సంఖ్య కన్నా ముందు ఇవి వెతకండి. తుపాకి పట్టినవాళ్లందరూ ఒప్పందం మీద సంతకం చేశారా? ఎదుటివాడికి డబ్బు, మందుగుండు ఏ సరిహద్దు దాటి వస్తున్నాయి, అది మూయగలరా? సైన్యం వెళ్లిన మర్నాడు పోలీస్ స్టేషన్ తలుపు తీసేది ఎవరు, వాళ్లకి జీతం ఎవరిస్తారు? ఆహ్వానించిన ప్రభుత్వం మారితే కొత్త ప్రభుత్వం ఏమంటుంది? ఈ నాలుగింటిలో రెండింటికి జవాబు లేకపోతే ఆ దళం ఇరుక్కుంటుంది.

చివరి ప్రశ్నకి వస్తే, చేతులు కట్టుకోవాల్సిన పని లేదు. సియెర్రా లియోన్ చూడండి. 2000 మేలో ఆర్‌యూఎఫ్ తిరుగుబాటుదార్లు దాదాపు 500 మంది ఐరాస శాంతి సైనికులని నిర్బంధించి రాజధాని వైపు కదిలారు. బ్రిటన్ 800 మందిని దింపింది. మొదటి పని లుంగి విమానాశ్రయం, ఫ్రీటౌన్ పడిపోకుండా చూడటం, అంతే. ఎన్నికైన ప్రభుత్వం ఉంది, ఐరాస దళం అప్పటికే అక్కడ ఉంది, తర్వాత అది 17,000 దాటింది. ఆ జులైలో కైలాహున్‌లో రెండున్నర నెలలుగా చుట్టుముట్టబడి ఉన్న మన గూర్ఖా కంపెనీలని ఆపరేషన్ ఖుక్రీతో బయటికి తెచ్చారు, బ్రిటిష్ చినూక్ హెలికాప్టర్లు సాయం చేశాయి. తిరుగుబాటుదార్లకి వజ్రాల డబ్బు, ఆయుధాలు సర్దే లైబీరియా అధ్యక్షుడు టేలర్ మీద ఆంక్షలు పడ్డాయి. 2002 జనవరిలో యుద్ధం ముగిసిందని ప్రకటించారు. బ్రిటన్ అక్కడ యుద్ధం గెలవడానికి పూనుకోలేదు. అందరూ ఒప్పుకున్న ఏర్పాటు ఒకటి కూలిపోకుండా పట్టుకుంది, ఆ దేశపు సైన్యానికి శిక్షణ ఇచ్చింది.

శ్రీలంకలోనూ ఈ దారి ఉంది. 25 టన్నుల సామాను జారవిడిచాక కొలంబో దిగివచ్చిన ఆ జూన్, జులైల్లో ఒత్తిడి రెండు వైపులా పెట్టి, సంతకం కొలంబో, పులుల మధ్య చేయించి, భారత్ సాక్షిగా మాత్రమే ఉండాల్సింది. ప్రభాకరన్ సంతకం చేయకపోతే సైన్యం బదులు తమిళనాడు తీరాన్ని మూసేయాల్సింది. అప్పుడూ శాంతి గ్యారంటీ లేదు, ప్రభాకరన్ లాంటి మనిషితో అసలే లేదు. కానీ 1,200 మంది జవాన్లు, ఆసుపత్రిలోని రోగులు, ఇళ్లలోంచి లాక్కొచ్చిన ఆ కుర్రాళ్లు ఈ లెక్కలోకి వచ్చేవాళ్లు కాదు. ఆ ఒప్పందం నుంచి ఇవాళ్టికీ మిగిలింది శ్రీలంక రాజ్యాంగానికి 1987 నవంబర్‌లో వచ్చిన 13వ సవరణ, దాంతో వచ్చిన ప్రాంతీయ మండళ్లు. ఉత్తర, తూర్పుల విలీనాన్ని 2006లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది, భూమి, పోలీసు అధికారాలు ఇప్పటికీ పూర్తిగా బదిలీ కాలేదు. భారత ప్రధానులు కొలంబో వెళ్లినప్పుడల్లా అడిగేది దాని గురించే.